పంటి పురుగు, సగం మందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకు సంబంధించిన ఏదైనా విషయం చెప్పమని కార్యదర్శి గారు కోరినారు. చదువు గురించే చెబుతాము, కాని పంటి దారిన చెబుతాము. పన్ను నొప్పితో రాత్రంతా నిద్రలేని పిల్ల మరునాడు బడిలో లెక్కలు ఏం నేర్చుకుంటుంది? ఉర్దూ మీడియం బడుల్లో ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న మాకు చెంప పట్టుకొని వెనుక బెంచీలో కూర్చున్న పిల్లలు కొత్త కాదు. అడిగితే ఒకటే జవాబు: "కీడా లగా సార్." మందు ఏం వేశారు బేటా అంటే, "అబ్బా మెడికల్ దుకాణం నుంచి రెండు గోలీలు తెచ్చిండు." ఈ రెండు జవాబుల మీదనే నేటి మా మాటలు.

ముందు కీడా సంగతి. తెలుగులో పురుగు తిన్న పన్ను అంటాము, ఉర్దూలో కీడా అంటాము. కంటికి కనిపించే పురుగు మాత్రం ఏదీ లేదు. 1683లో హాలండు దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ళ మధ్య పాచిని తీసి, తాను తయారుచేసిన భూతద్దం కింద పెట్టి చూసినాడు. అందులో సూక్ష్మ జీవులు కదలాడుతున్నవి. 1890లో బెర్లిన్ నగరంలో మిల్లర్ అనే దంతవైద్యుడు అసలు గుట్టు చెప్పినాడు: నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని, పిండిని పులియబెట్టి ఆమ్లం చేస్తవి, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుంది. 1924లో ఇంగ్లండులో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్ళ నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టినాడు. పన్ను పుచ్చడానికి ఇదొక్కటే కారణం కాదు, దీనికి తోడుదొంగలు ఉన్నవి. కాని ముఠాలో పేరుమోసినది ఇదే.

ఈ విషయం మన బోధన్ వాళ్ళకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. నిజాంసాగర్ కాలువ నీళ్ళతో పండిన చెరకును 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌లో దశాబ్దాల పాటు ఆడింది. 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పనిచేసిన పెద్దలు ఈ సభలో ఉంటే వారిని అడగండి: కొట్టిన చెరకు రోజుల తరబడి బండి మీదనే ఉండిపోతే ఏమవుతుంది? చక్కెర తగ్గుతుంది, రసం జిగురెక్కుతుంది. ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా ఆ చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే బంకగా మారుస్తుంది. చక్కెర మిల్లులన్నిటికీ అది పాత శత్రువు. ఆ బంకను ఆవిరితో, వేడినీళ్ళతో కడిగి, గీకి తీసివేయవలె. మన నోటిలో మ్యూటన్స్ చేసే పని కూడా దాదాపు ఇదే. చక్కెర దొరకగానే దానితో బంక తయారుచేసి పంటికి అంటుకొని కూర్చుంటుంది. మిల్లు మూతపడింది గాని, నోటిలోని ఈ కార్ఖానా మాత్రం రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉన్నది.

ఆ బంక గూడులో ఉండి అది ఆమ్లం వదులుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీద పులుపు పెరుగుతుంది. మళ్ళీ లాలాజలం దానిని కడిగి సర్దడానికి అరగంట, గంట పడుతుంది. అందుచేత ఎంత తీపి తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఈద్ రోజు షీర్ ఖుర్మా ఒక పూట తాగితే పన్ను పోదు. బీడీలు చుట్టే తల్లి చేతికి పని తెమలక, ఏడ్చే పిల్లవానికి గంటకొక బిస్కెట్టు, చాక్లెట్టు ఇస్తే, ఆ పంటికి తేరుకునే వ్యవధే దొరకదు. ఆ తల్లిని తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. బిస్కెట్టుకు బదులు పల్లీలు, జామకాయ అందుబాటులో పెట్టమనే మా మనవి. పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే అలవాటు కూడా మాన్పించవలె.

ఇక గోలీల సంగతి. దీనిని శ్రద్ధగా వినగలరు.

కడాయికి అడుగంటిన పాకం మీద నీళ్ళు పోస్తే పైపొర తడుస్తుంది, లోపల గట్టిగానే ఉంటుంది. పంటి పాచి కూడా అంతే. లీవెన్‌హుక్ వెనిగర్‌తో నోరు కడిగి చూసినాడు. పాచి పైనున్నవి చచ్చినవి, లోపలివి బతికి ఉన్నవి. నేటి శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా అదే: విడిగా తిరిగే బాక్టీరియాను చంపే మందు మోతాదు, గూడు కట్టుకున్న బాక్టీరియాకు చాలదు. ఒక్కొక్కచోట వంద రెట్లు, వెయ్యి రెట్లు కూడా కావలసివస్తుంది. అందుకే క్లోర్‌హెక్సిడిన్ వంటి పుక్కిలించే మందు డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే గాని, బ్రష్షుకు బదులు కాదు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతవి, నాలుక రుచి మారుతుంది.

పన్ను లోపలి నరం చచ్చిన తరువాత అక్కడికి రక్తం పోదు. రక్తం పోని చోటికి మింగిన అమాక్సిసిలిన్ ఎట్లా పోతుంది? పంటికి కావలసినది శుభ్రం చేసి నింపడం, వేరు చికిత్స, లేకుంటే పీకించడం. చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఆ గంటలోనే దవాఖానకు పోవలె. అప్పుడు డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడవలె.

అయితే ఊరికే రెండు గోలీలు వేస్తే నష్టమేమి అని అడుగుతారు. పొలంలో మందు సగం కొడితే బలహీనమైన పురుగు చస్తుంది, గట్టిది మిగిలి పిల్లలు పెడుతుంది. అదే నోటిలో, పేగులో జరుగుతుంది. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, తక్కువ మోతాదు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని హెచ్చరించినాడు. మ్యూటన్స్ ఇప్పటికీ చాలావరకు పెన్సిలిన్‌కు లొంగేదే. కాని నోటిలో అది ఒంటరి కాదు. పక్కనే ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్ వంటివి మందును తట్టుకునే జన్యువులను న్యుమోనియా తెచ్చే బాక్టీరియాకు అందించినట్లు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అంటే మన పన్ను కోసం మింగిన సగం మందు, రేపు ఇంట్లో దాదీమాకో, ఉయ్యాలలో పసిపాపకో న్యుమోనియా వచ్చినప్పుడు పనిచేయవలసిన మందును మొద్దుబార్చవచ్చును. 2019లో ప్రపంచమంతటా దాదాపు 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లనే మరణించినారని లెక్కకట్టినారు. గోలీల పట్టీ మీద ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనరాని మందని గుర్తు. ఆ గీత ఏమిటో ఇంటిలోని పిల్లలకు నేర్పండి, వాళ్ళే పెద్దలకు చెబుతారు.

చేయవలసినది కష్టమేమీ కాదు. పొద్దున, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడు పేస్టుతో తోమవలె. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠాణీ గింజంత చాలు, మింగనీయకూడదు. మిస్వాక్ మనకు సున్నత్. పీలూ పుల్ల నమిలి కుంచెలా చేసి తోమితే పాచి పోతుంది, అందులో బాక్టీరియాను అడ్డుకునే పదార్థాలు కూడా ఉన్నవి. మిస్వాక్ చేసేవారు దానిని వదలనక్కరలేదు, పేస్టును దానికి జోడిస్తే మేలు. రంజాన్‌లో సెహ్రీ తిన్న వెంటనే, వేళ ముగియక ముందే తోముకోండి. తల్లి నోటి నుంచి పిల్ల నోటికి ఈ బాక్టీరియా చేరుతుంది కనుక తల్లులు ముందు తమ పళ్ళు చూపించుకోవలె.

సంఘం వారికి మా మనవి ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లల పళ్ళ పరీక్ష కూడా ఉన్నది. బడికి ఆ బృందం వచ్చిన రోజు పిల్లలను తప్పక పంపండి. ఏడాదికొకసారి సంఘం తరఫున దంతవైద్యులను పిలిచి మన మొహల్లాలలో శిబిరం పెట్టండి. ఫీజులకు, పుస్తకాలకు మనం చందాలు వసూలు చేస్తున్నాము, మంచిదే. నొప్పి లేని నోటితో బడికి వచ్చిన పిల్లకే ఆ పుస్తకం ఉపయోగపడుతుంది.