స్తూపం దగ్గర చెప్పుకోవాల్సిన మాట

(జూలై 10 సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)



రోడ్డు పక్కనున్న ఈ ఎర్ర స్తూపాన్ని బస్సుల్లో, ఆటోల్లో పోయేవాళ్లు రోజూ చూస్తారు. దాని మీది పేరు చదివే తీరిక అందరికీ ఉండదు. అందుకే వెంపటాపు సత్యనారాయణ ఎవరో ఏటా ఇక్కడ చెప్పుకుంటున్నాం.

ఆయన మొదట బడిపంతులు. పార్వతీపురం ఏజెన్సీలో, మొండెంఖల్లు ప్రాంతపు కొండపల్లెల్లో సవర, జాతాపు జనం మధ్య బతికారు. ఆ పిల్లల తండ్రులు సావుకార్ల దగ్గర కంబారులు. గింజల అప్పు కింద పొలం పోయేది. చింతపండు తూకంలో పోయేది. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో వేసినవాడికే తెలిసేది కాదు. సత్యం మాస్టారు, మరో ఉపాధ్యాయుడు ఆదిభట్ల కైలాసం ఆ జనాన్ని గిరిజన సంఘంలోకి కూడగట్టారు. కూలి పెంచమని, పోయిన భూమి తిరిగిమ్మని అడిగే ధైర్యం ఇచ్చారు.

1967 అక్టోబరు 31న సంఘం మహాసభకు నడిచి వెళ్తున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న ప్రాణాలు విడిచారు. కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత ఉద్యమం సాయుధ పోరాటమైంది. 1970 జూలై 10న మాస్టార్లిద్దరూ పోలీసు తూటాలకు బలయ్యారు.

ఆ దారి మీద మనలోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ దారికి నెట్టింది భూమి తగాదాయేనన్న దాంట్లో మాత్రం రెండో మాట లేదు.

ఉద్యమం రగులుతున్న ఆ రోజుల్లోనే, 1970 ఫిబ్రవరి 3న 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే అది చెల్లదు. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చినట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది అనుభవిస్తున్నవాడే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, అక్కడి భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం కుదరదంది.

కానీ చట్టం నడిచి మన ఇంటికి రాదు. బినామీ పేర్లతో, చేతి కాగితాలతో భూమి ఇంకా జారిపోతోంది. షెడ్యూలులో చేరని గిరిజన గ్రామాలకు ఈ రక్షణే లేదు. వాటిని చేర్చాలని మనం పట్టుబట్టాలి.

కాబట్టి దండ వేసి వెళ్లిపోవద్దు. మీ అడంగల్, 1-బి తీసి చూసుకోండి. భూమి చెయ్యిజారి ఉంటే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర అర్జీ పెడదాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వస్తే, అందులో భార్య పేరు కూడా ఉందో లేదో చూడండి. ఉండాలని చట్టమే చెబుతోంది. చదవడం రానివాళ్ల పక్కన చదువుకున్న మన పిల్లలను కూర్చోబెడదాం. పంతులుగారు మొదలుపెట్టిన పని అదే.