పోగు తెగితే అతికేదెవరు?

ఈ స్నాతకోత్సవం నల్లగౌన్లు మీ వీపులకు అంటుకుపోయుంటాయి, తొందరగానే కానిస్తాను.

మీలో కొందరు మాంత్రిక వాస్తవికత కథల మీద వ్యాసాలు రాశారట. 30 ఏళ్ల కింద నాకూ ఆ పిచ్చి పట్టింది. మార్క్వెజ్‌ను చదివి నిద్రపట్టక ఒక కథ రాశాను. మన సోలాపూర్ అశోక్ చౌక్‌లో సాంచెల (మరమగ్గాల) కార్ఖానా రాత్రికి రాత్రే గాల్లోకి లేస్తుంది, ఊరి మీద తేలుతూ చద్దర్లు నేస్తుంది. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలయ్యేదాకా ఆ వేళ్లు ఆగవు. అంతా విని, "కార్ఖానా లేసింది సరే బిడ్డా, పైన పోగు తెగితే అతికెటోడెవడు?" అంది.

బీడీలు చుట్టే మనిషికి సాహిత్యమేం తెలుసని ముఖం ముడుచుకున్నాను. ఆ కథ తిరుగుటపాలో వచ్చింది. అప్పుడు మార్క్వెజ్ రెక్కల ముసలాయన కథ మళ్లీ తీశాను. 1968లో రాసింది. ఆ దేవదూత దిగేది బురదలో. కట్టేసేది కోళ్లగూట్లో. రెక్కల నిండా పురుగులు. చూడవచ్చినవాళ్ల దగ్గర ఇంటావిడ ఐదేసి సెంట్లు వసూలు చేస్తుంది. అమ్మ అడగబోయేవన్నీ ఆయన ముందే చూసుకున్నాడు!

ఆయనకు వాళ్ల అమ్మమ్మ చెప్పే తీరే గురువు. మనకు లేరా? నేతవాళ్ల మూలపురుషుడు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడని మన ముసలమ్మలు, పక్కింటి బాకీ సంగతి చెప్పినంత మామూలుగా చెబుతారు. పోగెంత సన్నమో వేళ్లతో చూపిస్తారు కూడా.

తెలుగులోనూ ఈ తీరు కథలు రాసినవాళ్లున్నారు. మునిపల్లె రాజుకు 2006లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కథలకే. ఆయన్ని, వి. చంద్రశేఖరరావును చదివినవాళ్లు చేతులెత్తండి. మూడు. సరే.

మీ కథలు నాకు పంపారు. నాలుగింట్లో సీతాకోకచిలుకలు, అన్నీ మార్క్వెజ్ పసుపుపచ్చవే! ఓరి నాయనా, సోలాపూర్‌లో అవి ఏ ఆకు తిని బతుకుతున్నాయి? ఒక్కదాంట్లోనూ సాంచె చప్పుడు లేదు. గట్టిగా అరిచి మాట్లాడే నాన్న లేడు. మా నాన్నకు ఆ మోతకు చెవులు సగం పోయాయి. రాత్రి కరెంటు పోయి గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచి, "ఎవరు పిలిచిన్రు?" అనేవాడు.

మా నాన్న ఉలిక్కిపడ్డ ఆ కథ నాకు ఇప్పటికీ రాయడం రాలేదు. మీలో ఎవరైనా రాస్తే పంపండి. సీతాకోకలు మాత్రం వద్దు.