పసిబిడ్డ ఏడుపు విన్న పాలకుడు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో ఒక వర్తక బిడారు మదీనాకు వచ్చి ఈద్గాహ్ మైదానంలో విడిది చేసింది. ఆ రాత్రి ఆయన, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కలిసి దానికి కావలి కాశారు. ఒక పసిబిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. బిడ్డను సముదాయించమని ఉమర్ (రజి) తల్లికి పలుమార్లు చెప్పారు. తనతో మాట్లాడుతున్నది ఖలీఫాయేనని ఎరుగని ఆ తల్లి విసిగి ఉన్న మాట చెప్పేసింది. పాలు విడిచిన బిడ్డలకే ఉమర్ భృతి ఇస్తున్నారట. అందుకే గడువు తీరకముందే పాలు మాన్పిస్తున్నదట. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఆయన ఖుర్ఆన్ పఠనం కన్నీటి వల్ల వెనుకవారికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు కాగానే, పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి లభిస్తుందని చాటింపు వేయించారు. ఇతర ప్రాంతాలకూ ఆ ఆజ్ఞ వ్రాసి పంపారు.

ఆ పాత నియమం దుర్బుద్ధితో చేసినది కాదు. బైతుల్ మాల్ సొమ్మును లెక్కగా పంచడానికే చేశారు. అయినా అది ఒక బిడ్డ నోటి ముందరి పాలను తీసివేసింది. ఆ సంగతి తెలిసిన పాలకుడు తల్లిని నిలదీయలేదు, భృతినీ ఎత్తివేయలేదు. నియమాన్ని మార్చారు.

మన రాష్ట్రంలో పేదలకు చౌకబియ్యం ఇవ్వడం కొత్త కాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ప్రారంభించింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం దానిని హక్కుగా చేసింది. 2025 ఏప్రిల్ నుండి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతున్నది. ఈ మార్పును మేము మనసారా ఆహ్వానిస్తున్నాము. దొడ్డుబియ్యాన్ని ఎందరో దళారులకు తక్కువ ధరకు అమ్ముకొని, దుకాణంలో సన్నబియ్యం కొనుక్కునేవారు. తినేవారి కంచం చూసి చేసిన సంస్కరణ ఇది.

అయితే కార్డు ఉన్నవారికే ఆ కంచం. రాష్ట్రం ఏర్పడిన తరువాతి సంవత్సరాలలో లక్షలాది కార్డులు రద్దయ్యాయి. అనేక కుటుంబాల ఇంటికి ఎవరూ వెళ్లి చూడలేదు. కంప్యూటరులోని లెక్కలే తీర్పు చెప్పాయి. నగరంలో రిక్షా తొక్కి బ్రతికిన ఒక వ్యక్తికి కారు ఉన్నదని ఆ లెక్కలు తేల్చగా, ఆ కుటుంబం రేషన్‌కు దూరమైన ఉదంతం పత్రికలలో వచ్చింది. రద్దయినవాటిలో దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. ఇక కొత్తగా పుట్టిన పిల్లల పేర్లను కార్డులో చేర్చాలన్న దరఖాస్తులు ఏళ్ల తరబడి పెండింగులో ఉండిపోయాయి. 2025లో కొత్త కార్డులు, పేర్ల చేర్పు ఊపందుకునే నాటికి కొందరు పిల్లలు బడి ఈడుకు వచ్చేశారు. మదీనాలో ఒక్క రాత్రిలో జరిగిన పని ఇది!

కేంద్రం ఇచ్చే కోటాకు నేటికీ 2011 జనగణనే ఆధారం. కనుక సంస్కరణ అవసరమా అని అడిగితే, అవసరమేనని మా సమాధానం. నోటీసు ఇవ్వకుండా, ఇల్లు చూడకుండా, ఒక్క మాట వినకుండా ఏ కార్డునూ తొలగించరాదు. బిడ్డ పుట్టిన నమోదుతోనే కార్డులో పేరు చేరాలి. బియ్యానికి బదులు నగదు ఇవ్వాలని కొందరు మేధావులు అంటారు; 2015 నుండి చండీగఢ్, పుదుచ్చేరిలలో ఆ ప్రయోగం జరిగింది. కానీ అమీర్‌పేటలో ఒక్క గది అద్దె ఎంతో మీకు తెలియనిది కాదు. చేతికి వచ్చిన డబ్బు ముందుగా ఇంటి యజమానికి పోతుంది, పొయ్యి మీదికి రాదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన వరుసలనూ చూసుకోవాలి. పేదవాని భోజనం కోసం ఇతరులను ప్రోత్సహించనివారిని అల్లాహ్ (త) మాఊన్ సూరాలో తీవ్రంగా హెచ్చరించాడు. తాను పెట్టకపోవడమే కాదు, పెట్టమని అనకపోవడమూ ఆయన దృష్టిలో నేరమే. మరి సొంత దుకాణం, అద్దెలు వచ్చే ఇల్లు ఉండి కూడా పేదల కార్డును అట్టిపెట్టుకున్నవారి మాట ఏమిటి? తూకంలో కోత పెట్టే డీలరును నిందిస్తాము. ఇది మాత్రం తెలివితేటలుగా చెలామణి అవుతున్నది. అటువంటి కార్డును స్వచ్ఛందంగా తిరిగి ఇచ్చివేయండి.

మైత్రీవనం చుట్టూ ఉన్న హాస్టళ్లలో వంట చేసేవారు, అంట్లు తోమేవారు అనేకులు పొరుగు జిల్లాల, పొరుగు రాష్ట్రాల వారు. తమ కార్డు ఊళ్లోనే చెల్లుతుందని వారు అనుకుంటున్నారు. ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు విధానం క్రింద, ఆహార భద్రతా కార్డు ఉన్నవారు కేంద్రం ఇచ్చే వాటాను ఇక్కడి చౌకధరల దుకాణంలోనే తీసుకోవచ్చు. ఈ మాట వారి చెవిన వేయండి. పంజాగుట్ట నిమ్స్ ఆవరణలో రోగుల వెంట వచ్చి రాత్రులు గడిపేవారికి నగరంలో ఐదు రూపాయల భోజనం ఉన్నదని చెప్పండి, దగ్గరి కేంద్రానికి తోడు వెళ్లి చూపించండి. వేలిముద్ర అరిగిపోయి యంత్రం గుర్తించని వృద్ధులు, బట్టలుతికే స్త్రీలు మీ వీధిలో ఉంటే, వారిని ఒంటరిగా పంపకండి.

నేడు జుమా నమాజు తరువాత మస్జిద్ వరండాలో చదువుకున్న మన యువకులు కొందరు అస్ర్ వరకు కూర్చుంటారు. కార్డు రద్దయినవారు, పిల్లల పేర్లు చేరనివారు ఆధార్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు తీసుకొని రండి. దరఖాస్తు వారే వ్రాసిపెడతారు. సోమవారం మీసేవ కేంద్రానికి మీతో కలిసి వస్తారు. మతం ఏదని ఎవరినీ అడగరు. మీ పొరుగువారినీ వెంటబెట్టుకొని రండి.