రాక్షసి గుళ్లు కట్టింది మనుషులే

(భద్రాచలం అడవి అంచున ఒక మాదిగవాడలో రాత్రి సభలో మాట్లాడిన మాటలు)



పది రోజుల కింద ఏం జరిగిందో మీకు తెలుసు. తెల్లారుజామున ఇప్పపూలు ఏరను పోయిన ఆడోళ్లకు అడవి అంచున నల్లటి ఆకారం కనపడ్డది. మనిషంత ఎత్తు, ఒళ్లంతా బొచ్చు, రెండు కాళ్ల మీద నిలబడి ఇటే చూసిందట. పొద్దెక్కేసరికి అది రాక్షసుడైంది. సాయంత్రానికి రాక్షసి గుళ్లలోంచి లేచొచ్చిందన్నారు. మూడో రోజుకు దాన్ని లేపింది మన వాడలో ఒంటరిగా ఉండే ముసలవ్వేనని తేల్చారు. ఆ రాత్రి ఆమె తడిక మీద రాళ్లు పడ్డాయి. వేసింది బయటోళ్లు కాదు. మేము అక్షరాలు దిద్దించిన చేతులే.

తెల్లారి మేము నలుగురం ఆ జాగాకు పోయాం. మట్టిలో అడుగులు, వాటి ముందు పొడుగాటి గోళ్ల గీతలు ఉన్నాయి. వెంట వచ్చిన కోయ పెద్దాయన చూసి నవ్వాడు. "గుడ్డెలుగు సారూ! ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. మనిషి అలికిడైతే లేచి నిలబడతది" అన్నాడు.

భయపడ్డవాళ్లను ఎగతాళి చేయను మేము రాలేదు. మా చిన్నతనంలో, 1990లలో, రాత్రిపూట దయ్యం తలుపు కొడతదని ఊరూరా గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. మా వాడలో బొగ్గుతో రాసింది మేమే, అక్షరం వచ్చింది మాకే గనక! చదువుకున్న పట్నాలు కూడా తక్కువ తినలేదు. 2001 మే నెలలో ఢిల్లీలో కోతి మనిషి తిరుగుతున్నాడని జనం భయంతో మేడల మీంచి దూకి చచ్చిపోయారు. పోలీసులకు ఏ కోతి మనిషీ దొరకలేదు. 2017లో విశాఖపట్నంలో వేరే లోకం జీవులు కనపడ్డాయన్నారు. తీరా చూస్తే అవి ఈకలు సరిగా రాని గుడ్లగూబ పిల్లలు.

మరి రాక్షసి గుళ్ల సంగతేంది? పినపాక మండలం జానంపేటలో ఉన్నాయి, ములుగు వైపు మల్లూరు అడవిలో ఉన్నాయి. నాలుగు వైపులా నిలువు రాతి పలకలు, పైన పెద్ద కప్పురాయి, లోపల రాతి తొట్టి, చుట్టూ గుండ్రంగా బండలు. ఇవి ఇనుప యుగం నాటి సమాధులు, రెండు వేల ఏళ్లకు పైబడినవి. ఇనుము కరిగించి పనిముట్లు చేసుకున్న మనుషులు తమవాళ్లు చచ్చిపోతే కట్టుకున్న ఇళ్లు. అంత బండ ఎత్తింది చెమటోడ్చిన చేతులే. ఆ కష్టాన్ని మరిచిపోయి రాక్షసులు కట్టారంటున్నాం.

దుమ్ముగూడెం పేరు చూడండి. రాముడు ఖరదూషణులతో పాటు పద్నాలుగు వేల మంది రాక్షసుల్ని చంపితే, వాళ్ల బూడిద మీద లేచిన ఊరని కథ. అంతమందిలో మనకు ఎన్ని పేర్లు తెలుసు? వాళ్ల పిల్లలేమయ్యారని ఎవరన్నా అడిగారా? ఒకసారి రాక్షసుడని పేరు పెడితే ఇక అడిగేవాడు ఉండడు. జోతిరావు ఫూలే 1873లో "గులాంగిరి" రాసి, రాక్షసులంటే ఈ నేలను కాపాడుకున్న రక్షకులేనని ఎదురు చెప్పాడు.

ఇప్పుడు అదే పేరు మనం మన అవ్వకు పెట్టాం. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి, చేతబడి చేస్తున్నారని నింద వేసి మనవాళ్లను కొట్టినా, మనోవేదన పెట్టినా ఆ చట్టం కింద నేరం. కానీ అది బయటి కులాలోళ్లు చేస్తేనే. మన వాడ రాయి మన అవ్వకే తగిలితే ఆ చట్టం రాదు, మామూలు కేసే అవుతది. అంటే మన చేతిని మనమే పట్టుకోవాలె.

గుడ్డెలుగుతో జాగ్రత్త నిజంగానే కావాలె. చీకట్లో ఒంటరిగా పోవద్దు, గుంపుగా చప్పుడు చేసుకుంటూ పోండి. జ్వరమొస్తే దవాఖానాకు పోండి, అవ్వ గడప దిక్కు చూడకండి.

రేపు పొద్దున్నే మేము ఆ తడిక కట్టను పోతున్నాం. రాళ్లు వేసిన పిల్లలు కూడా రావాలె. అవ్వకు వాళ్లే చెప్పుకోవాలె. జై భీమ్!