జిలెటిను – పటిక



గోదావరిఖని ప్రాంతమున జిలెటినను మాట వినని గృహము లేదు. గనులలో బండను పగులగొట్టు మందుకడ్డీ యని మనవారు దాని కర్థము చెప్పుదురు. ఆ మందును 1875వ సంవత్సరమున ఆల్ఫ్రెడ్ నోబెల్ కనిపెట్టెను. నైట్రోగ్లిసరినునందు కొలోడియను దూది కరగి ముద్దగా పేరుకొనుటచే ఆ పేరు వచ్చినదే కాని, అందు జంతుసంబంధమైన జిలెటిను లేదు. లక్షణావృత్తికి ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు.

అసలు జిలెటిను పశువుల తోళ్లను, ఎముకలను కాచి తీయునది. వడ్రంగి సరేసు దాని మోటురూపమే. వేడినీట కరగి, చల్లారిన తాటిముంజెవలె పేరుకొనును. మరల 35 డిగ్రీలు చేరులోపలనే కరగిపోవును. రామగుండమున వేసవిలో నీడపట్టుననే 40 డిగ్రీలు దాటును గదా!

ఛాయాచిత్రములు తీయువారికి ఒకప్పుడిది ప్రాణసంకటము. ఫిల్ముపై వెండిలవణములను పట్టియుంచునది జిలెటిను పొరయే. వేసవిలో తొట్టినీరే వెచ్చనగుటచే ఆ పొర నీరుత్రాగి యుబ్బి, ముడుతలుపడి, ఒక్కొక్కప్పుడు ఊడిపోయెడిది. గనికి దిగువాడు తన జీవితమున తీయించుకొన్నది ఆ యొక్క పటమే కావచ్చును. ఆ పొర జారినచో, ఆలుబిడ్డలకు ఆ ముఖము మరల చూడ నలవిగాదు.

దానికి విరుగుడు మనము బురదనీరు తేర్చుకొను పటికయే. జిలెటిను గొలుసులవంటి పొడవైన యణువుల చిక్కు. ఆ గొలుసులపై కొన్నిచోట్ల ధనవిద్యుత్తు, కొన్నిచోట్ల ఋణవిద్యుత్తు నుండును. పటిక నీట కరగగా మూడేసి ధనవిద్యుదంశములుగల అల్యూమినియము అయానులు విడివడును. అవి అతిసూక్ష్మములైనను, ఒక గొలుసునందలి ఋణస్థానమును, ప్రక్కగొలుసునందలి ఋణస్థానమును ఏకకాలమున పట్టుకొని, వలకు ముడివలె బిగించును. అంతట పొర అంతగా నుబ్బదు. తొట్టినీటి వెచ్చదనమునకు కరగదు. క్రోముపటిక పట్టు ఇంకను గట్టిది. బూటుతోలును క్రోముతో పదునుచేయుటలోని మర్మము నిదియే. ఏలయన తోలునందలి కొల్లాజెనే జిలెటినునకు మూలము.

కొలత తప్పరాదు. పులుపు మించిన ఋణస్థానములను హైడ్రోజను అయానులు ముందే ఆక్రమించును; అల్యూమినియమునకు చోటు దొరకదు. క్షారము మించిన అల్యూమినియమే తెల్లని మడ్డియై దిగిపోవును. అందువలన వినిగరునందలి ఆమ్లమును తగుమాత్రముగా చేర్చెడివారు. అయానులన్నియు గట్టిపరచునవియు కావు. థయోసయనేటు లవణమును చాలినంత కలిపిన, చల్లారినను జిలెటిను పేరుకొననే పేరుకొనదు.

మీ యిండ్లలో నట్టి పాతపటములున్నచో, వానికి పటిక పట్టినదో లేదో కంటికి తెలియదు. కావున తడిగుడ్డతో తుడువకుడు. వానచెమ్మకు పటము అద్దము నంటుకొన్నచో పెరికివేయకుడు. అట్లే యుంచి, తెలిసినవారికి చూపుడు.