అరుగు లేని వీధి



సాహిత్య సభకు అధ్యక్షత వహిస్తూ భవనాల గురించి మాట్లాడతానేమిటని మీకనిపించవచ్చు. మన కథలకు మనుషులు దొరికే చోటు పోతోంది, అందుకని.

మా అమ్మమ్మ ఇంటి అరుగు నాపరాళ్లు పరిచింది. వీధి వైపు అంచు జనం కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయింది. ఎండనపడి వచ్చిన గాజులాయన మలారం దించుకుని అక్కడే కూలబడేవాడు. అమ్మమ్మ చెంబుతో మంచినీళ్లిచ్చి పక్క ఊరి కబుర్లడిగేది. ఇల్లు మాది, అరుగు కూడా మాదే. అయినా దాని మీద కూర్చోవడానికి ఎవరూ అనుమతి అడిగిన గుర్తు లేదు. మన వీధిబడులెన్నో ఇలాంటి అరుగుల మీదే నడిచాయి.

పట్నానికీ ఒకప్పుడు ఈ మర్యాద తెలుసు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాదులో పత్తర్‌గట్టీ కట్టించింది. రాతి కమాన్ల వెనక దుకాణాలు, కమాన్ల కింద నడిచేవాళ్లకు నీడ. వ్యాపారం కోసం కట్టిందే, కానీ ఏమీ కొనని వాడికి కూడా ఎండ తగలకుండా చూసింది.

1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ వచ్చాక నగరం పడమటికి పెరిగింది. అటు లేచిన మేడల మీద నాకు కోపం లేదు, మన పిల్లలకు అన్నం పెట్టాయి. కానీ మొన్న ఏప్రిల్లో అటు ఒక అద్దాల మేడలో పనిబడి, బస్సు దిగి గేటు దాకా నడిచాను. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క వాహనాలు. కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. అక్కడ కార్లు దిగే ర్యాంపు వచ్చిన ప్రతిచోటా కాలిబాటే తెగిపోయింది. అద్దాల మీంచి ఎండ తిరిగి మొహాన కొట్టింది. భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాడొకడు మెట్టు మీద కూర్చోబోతే కాపలా ఆయన లేపేశాడు. ఆ కాపలా ఆయనకూ కుర్చీ లేదు!

వీధికి పోలీసుల కంటే ముందు కాపలా కాసేది దాన్ని చూస్తూ ఉండే ఇళ్లూ దుకాణాలేనని రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే అమెరికా నగరాల గురించి రాస్తూ వాదించారు. మనం అపార్ట్‌మెంట్ల కింది అంతస్తు మొత్తం కార్లకిచ్చేశాం. రాత్రి ఎనిమిదింటికి ఆడపిల్ల ఒంటరిగా నడిచొస్తుంటే, ఎవరమ్మా అని పలకరించాల్సిన గొంతు నాలుగో అంతస్తులో తలుపులేసుకుని ఉంది.

ఈమధ్య నేను చదివిన కథల్లో మనుషులు లిఫ్టులో కలుస్తున్నారు, కార్లో విడిపోతున్నారు. అనుకోకుండా ఎదురుపడే పరాయి మనిషి కనబడటం లేదు. రచయితలనేం అనగలను? వాళ్లు చూసిందే రాస్తున్నారు.

అందుకే సాయంత్రం తీర్మానాల్లో ఒకటి చేర్చమని కోరుతున్నాను. రోడ్డు మీదికి కట్టే ప్రతి పెద్ద భవనం ప్రహరీ బయట మోకాలెత్తు అరుగు కట్టి, దానికి నీడ కల్పించి, తాగునీళ్లు పెట్టేలా పురపాలక నిబంధన తేవాలి. ముసాయిదా రాసి తెచ్చాను. భోజనాల వేళ చదివి, తప్పులుంటే దిద్దండి.