పెట్రోలు ఇంజనుకు గాలి ఎంత?



మీలో పలువురికి పెట్రోలుతో నడచు చిన్న పంపింజనో, మందు చల్లు పవరు స్ప్రేయరో ఉండును. అది ఎంత పెట్రోలు త్రాగుచున్నదో అందరును చూచుకొందురు. ఎంత గాలి పీల్చుచున్నదో చూచుకొనువారు అరుదు. నేడు ఆ గాలిని గురించియే మీతో ముచ్చటింపదలచితిని.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 15 కిలోల గాలి కావలెను. గాలి ఇంతకు తగ్గినచో అది చిక్కని మిశ్రమము. హెచ్చినచో పలుచని మిశ్రమము. మజ్జిగ వంటిదే. చిక్కని మిశ్రమములో పెట్రోలు కొంత సగము మాత్రమే కాలి, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువై పోవును. మీరు రొక్కమిచ్చి కొన్నది విషమగుచున్నదన్నమాట. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజనును బావిలోనికి దించి నడుపువారు దీనిని మరువరాదు. ఎంత చక్కగా సరిచేసిన ఇంజనైనను బావిలో గాని, తలుపులు మూసిన షెడ్డులో గాని నడుపకూడదు. ఇంజను నడచి ఆగిన బావిలోనికి దిగినవాడు పడిపోయినచో, రక్షింపబోయిన రెండవవాడును పడిపోవును.

మరి గాలి పెంచినచో మేలే గదా అందురు. కొంతవరకు మేలే. పెట్రోలు పూర్తిగా కాలును, వేడి వృథా తగ్గును. కాని మిశ్రమము పలుచనైన కొలది మంట నెమ్మదిగా ప్రాకును. మరీ పలుచనైనచో కొన్ని పర్యాయములు అంటుకొననే అంటుకొనదు. పచ్చి పెట్రోలు సైలెన్సరు గుండా బయటపడును. ఇంకొక చిక్కు కలదు. గాలి 16 వంతుల దరిదాపున ఉన్నప్పుడే నత్రజని ఆక్సైడులు అధికముగా పుట్టును. అంతకు బాగుగా పలుచన చేసిన గాని అవి తగ్గవు.

ఈ చిక్కును జపానులోని హోండా కంపెనీవారు ఒక ఉపాయముతో దాటిరి. ప్లగ్గు వద్ద చిన్న గది ఏర్పరచి, దానిలోనికి చిక్కని మిశ్రమమును, పెద్ద గదిలోనికి పలుచని మిశ్రమమును పంపిరి. ఎండుపుల్లలు అంటించి పెద్ద కట్టెను మండించునట్లు చిన్న గదిలోని మంట పెద్ద గదిని అంటించును. 1975 మోడలు సివిక్ కారు ఈ ఇంజనుతో, పొగను శుద్ధి చేయు కన్వర్టరు లేకయే, అమెరికా నిబంధనలను నెగ్గెను. తరువాత కార్లలో మూడు విషములను ఒకేసారి అణచు కన్వర్టరు వ్యాపించెను. దానికి గాలి ఎక్కువ గాక తక్కువ గాక సరిగా ఉండవలెను.

మీ ఇంజనులో అట్టి చిన్న గది లేదు. కావున పొదుపు కొరకు జెట్టు సన్నము చేయించుకొనవద్దు. అట్లు చేయించుకొన్న యువకుని నేనెరుగుదును. కొలది వారములలో ఎగ్జాస్టు వాల్వు కాలిపోయెను. మిగిల్చిన పెట్రోలు ఖరీదు రిపేరుకు ఏ మూలకును చాలలేదు. రెండు స్ట్రోకుల స్ప్రేయరునకు ముప్పు మరింత ఎక్కువ. నూనె పెట్రోలుతోనే పోవును గనుక పెట్రోలు తగ్గిన నూనెయు తగ్గి, పిస్టను పట్టివేయును.

ఇటీవల మీరు చేయకయే మిశ్రమము పలుచనగు కారణమొకటి వచ్చినది. 2025 నాటికి దేశములో పెట్రోలునందు 20 శాతము ఇథనాలు కలుపుట జరిగినది. ఇథనాలులోనే ప్రాణవాయువు కలదు గనుక, పాత ఇంజను అదే జెట్టుతో నడచినచో కొంత పలుచనగా మండును. ప్లగ్గు విప్పి చూడుడు. లేత గోధుమరంగు ఉన్న సరియే. నల్లని మసి ఉన్నచో మిశ్రమము చిక్కన. ముందుగా గాలి ఫిల్టరును శుభ్రపరచి, చోకు పూర్తిగా తెరచుకొన్నదో లేదో చూడుడు. సగము రోగము అక్కడనే పోవును. ప్లగ్గు సున్నమువలె తెల్లగా ఉండి, ఇంజను ఒకసారి హెచ్చి ఒకసారి తగ్గుచు నడచినచో, కార్బురేటరు మూతి వద్ద గాస్కెట్టు నుండి గాలి దూరుచున్నదేమో పరీక్షింపుడు. అదియు బాగున్నచో మెకానిక్కు చేత జెట్టు శుభ్రము చేయించి, అవసరమైనచో ఒక మెట్టు పెద్దది వేయించుడు.

పని లేని నెలలలో టాంకు ఖాళీ చేసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోవువరకు నడిపి ఆపుడు. ఇథనాలు తేమను పీల్చును. నిలువ ఉన్న పెట్రోలు జెట్టును పూడ్చును.